ప్రజల భూమిలో దొరికిన ఎముక

అమెరికాలో చాలా ఫెడరల్ ప్రభుత్వ భూముల్లో వెన్నెముక గల జీవుల శిలాజాలను ఎవరు పడితే వారు తవ్వుకోవడానికి వీల్లేదు. 2009 నాటి పురాజీవ వనరుల పరిరక్షణ చట్టం ప్రకారం అనుమతి పొందిన నిపుణులే వాటిని వెలికితీయాలి. తవ్వింది ఎవరైనా శిలాజం మాత్రం ప్రజల ఆస్తి. దాన్ని వివరాలతో సహా ఆమోదం పొందిన మ్యూజియంలో భద్రపరచాలి.

పార పట్టకముందే ఎముక ఉన్న చోటు, రాతి పొర, అది వాలి ఉన్న దిక్కు నమోదు చేసి ఫొటోలు తీస్తారు. ఆ వివరాలు పోతే ఎముక ఎంత చక్కగా ఉన్నా దాని కాలాన్ని, ఆ జీవి బతికిన పరిసరాలను తేల్చడం కష్టం.

తర్వాత చుట్టూ ఉన్న రాతిని తొలిచి, ఎముకను చిన్న దిమ్మె మీద నిలుపుతారు. పగుళ్లలోకి పలచని జిగురు దించుతారు. పైన తడి కాగితం పరచి, ప్లాస్టర్‌లో ముంచిన గోనెగుడ్డ పీలికలు చుడతారు. విరిగిన చేతికి వేసే పిండికట్టు లాంటిదే ఇది. కాగితం అడ్డుండటంతో ప్లాస్టర్ ఎముకకు అంటుకోదు. కట్టు గట్టిపడ్డాక దిమ్మెను అడుగున కోసి, బోర్లించి, రెండో వైపూ కడతారు.

ల్యాబ్‌లో ఆ కట్టును రంపంతో తెరుస్తారు. గాలి ఒత్తిడితో టకటకా కొట్టుకునే ఎయిర్ స్క్రైబ్ మొనతో రాతిని రవ్వలు రవ్వలుగా రాలుస్తారు. ఎముక దగ్గరపడ్డాక మైక్రోస్కోప్ కింద సూదులు, కుంచెలే పనిముట్లు. ఒక్క పుర్రెకే నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అతకడానికి, గట్టిపరచడానికి ఎక్కువగా వాడే పారలాయిడ్ బి-72 అనే జిగురు అసిటోన్‌లో మళ్లీ కరుగుతుంది. ఇవాళ తప్పుగా అతికిన ముక్కను రేపు మరొకరు విడదీసి సరిచేయవచ్చు. అందుకే ఏ జిగురు ఎక్కడ వాడారో రాసిపెట్టడం తప్పనిసరి.

శుభ్రపడిన ఎముకకు నంబరు వేసి, దాని ఆకారానికి తగ్గట్టు మలిచిన మెత్తని పడక మీద ఉంచుతారు. తేమను అదుపులో పెట్టాలి. పైరైట్ ఉన్న శిలాజానికి తేమ తగిలితే ఆమ్లం పుట్టి లోపలి నుంచే దాన్ని పొడి చేస్తుంది.

ఈ శ్రమకు మంచి ఉదాహరణ వాంకెల్ టి. రెక్స్ అనే డైనోసార్ అస్థిపంజరం. 1988లో మోంటానాలోని ఫోర్ట్ పెక్ జలాశయం దగ్గర, సైనిక ఇంజినీర్ల విభాగం ఆధీనంలోని భూమిలో క్యాథీ వాంకెల్ అనే మహిళ కంట పడిన ఎముకతో ఆ కథ మొదలైంది. మ్యూజియం ఆఫ్ ద రాకీస్ బృందం వెలికితీసిన ఆ అస్థిపంజరం సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. ఈ జాతి ముంగాలు పూర్తిగా ఎలా ఉంటుందో తొలిసారి దానివల్లే తెలిసింది. 2019 నుంచి అది వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ప్రజల ముందు నిలిచి ఉంది.

ఇలాంటి శిలాజాలు మన దగ్గరా దొరుకుతాయి. గోదావరి లోయలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. రాతిలో ఎముక ఆనవాలు కనిపిస్తే కదిలించకండి. ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, భూవిజ్ఞాన నిపుణులకు తెలియజేయండి.