వేటకుక్క వెనకాలే... నక్క!

కుక్క కనిపిస్తే నక్క పారిపోవాలి. చిన్నప్పుడు విన్న కథల్లోనూ అంతే, పొలం గట్టు మీదా అంతే. కానీ అర్ధరాత్రి కుందేటి వెంటపడిన కుక్కల దగ్గరికి నక్క తనంతట తానే వస్తే? అవి ఆగితే ఆగి, కదిలితే కదిలి, నీడలా వెంట నడిస్తే? ఒక్కోసారి ఎదురు నిలబడి మొరిగితే? అది ధైర్యమా, జిత్తా, ఆకలా... లేక ఇంకేమన్నానా?

నిజామాబాద్ జిల్లాలో కోటగిరి, వర్ని, బోధన్ చుట్టుపక్కలంతా కాలువ నీళ్ల సీమ. 1931లో పూర్తయిన నిజాంసాగర్, 1937లో బోధన్‌లో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ కలిసి ఈ నేలకు చెరకు రుచి చూపించాయి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తగ్గి వరి పెరిగింది. అయినా ఎదిగిన చెరకు తోట ఎక్కడున్నా అదొక చిన్న అడవే. నెలల తరబడి లోపలికి మనిషి అడుగు పడదు. అడవిపందికీ, నక్కకీ, కుందేటికీ అంతకన్నా మంచి ఇల్లు దొరకదు. నక్క అయితే ఇంట్లో ఉంటూనే గోడలు కొరికే రకం... చెరకు గడల్ని నమిలి రసం పీల్చేస్తుంది!

చలికాలంలో కోత మొదలైతే ఆ ఇల్లు కూలిపోతుంది. దాక్కోవడానికి చోటులేక కుందేళ్లు బీళ్లలోకీ గట్ల మీదికీ వస్తాయి. రాత్రి వేటగాళ్లు కాచుకునేది ఆ సమయం కోసమే. చేతిలో టార్చిలైటు, పక్కన రెండు మూడు కుక్కలు. వెలుగు కళ్లలో పడితే కుందేలు ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. ఆ క్షణం చాలు కుక్కకు.

మన పొలాల్లో తిరిగే కుందేలు, ఇళ్లలో పెంచుకునే తెల్ల కుందేలు ఒకటి కావు. పెంపుడుది బొరియ తవ్వుతుంది. మనది తవ్వదు. గడ్డిలో చిన్న గుంతలాంటి చోట ఒదిగి పడుకుంటుంది. ప్రమాదం వస్తే దాని ఆయుధం పరుగొక్కటే. అందుకే దక్కను పీఠభూమిలో కుందేటి వేటకు పొడుగు కాళ్లు, సన్నని నడుము, చూపుతో వేటాడే జాతి కుక్కలు పుట్టుకొచ్చాయి. కారవాన్ హౌండ్, ముధోల్ హౌండ్ అని పిలిచేవి ఈ కోవలోవే. ముధోల్ కుక్క బొమ్మతో 2005లో తపాలా బిళ్ల కూడా వచ్చింది. ఆ మధ్య సైన్యం కూడా ఈ జాతి కూనల్ని శిక్షణకు తీసుకుంది. కుక్కకు గౌరవం దక్కింది, మంచిదే. కుందేటి వేటకు మాత్రం చట్టంలో చోటు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడమే కాదు... ఉచ్చు వేయడం, తరమడం కూడా వేట కిందికే వస్తాయి. ‘మేం చంపలేదు సారూ, కుక్కే పట్టింది’ అంటే చెల్లదన్నమాట.

ఏ నక్క?

ఊళ్లో ‘నక్క’ అనే ఒక్క మాటతో రెండు జంతువుల్ని పిలుస్తుంటారు. ఒకటి అసలు నక్క. ఎనిమిది నుంచి పదకొండు కిలోలు తూగుతుంది. సాయంత్రం పూట గుంపుగా ఊళ వేసేది ఇదే. చెరకు తోటల్లో కాపురం పెట్టేదీ ఇదే. రెండోది గుంటనక్క. నేలలో గుంట తవ్వుకుని ఉంటుంది కాబట్టి ఆ పేరు. బరువు రెండు మూడు కిలోలే, ఇంట్లో పిల్లి కంటే కొంచెం పెద్దదంతే! సన్నని మూతి, పెద్ద చెవులు, కుచ్చులాంటి తోక, తోక చివర నల్లగా సిరాలో ముంచినట్టు ఉంటుంది. దీనికి దట్టమైన తోట పనికిరాదు. బీడు, పల్లేరు మొలిచిన మెరక, ఎండిన గట్లు కావాలి. ఎలుకలు, చెదలు, మిడతలు, తొండలు, రేగుపళ్లు తిని బతుకుతుంది.

పాతిక కిలోల వేటకుక్క ముందు మూడు కిలోల గుంటనక్క ఎంత? అయినా దగ్గరికి వస్తుంది. అక్కడే ఉంది విశేషం.

ఆ ఒక్క కేక

కుందేలు దాదాపు మూగజీవి. బతికున్నంత కాలం దాని గొంతు వినకుండానే చాలామంది ముసలివాళ్లైపోతారు. కానీ కుక్క నోటికి చిక్కినప్పుడు మాత్రం పసిపిల్ల ఏడ్చినట్టు ఒక్కసారిగా కీచుమంటుంది. నిశ్శబ్దమైన రాత్రి ఆ కేక చాలా దూరం వినిపిస్తుంది. నక్క చెవికి అది భోజనానికి పిలుపు. ఎవరో పట్టారు, ఏదో మిగులుతుంది! కుందేటి కేకను అనుకరించే ఈలలు ఊది నక్కల్ని దగ్గరికి రప్పించడం పాశ్చాత్య దేశాల వేటగాళ్లకు పాత విద్యే. ఇక్కడ ఈల అక్కర్లేదు, కుక్కే ఆ పని చేసిపెడుతోంది.

పైగా, తనకంటే బలమైన వేటగాడి వెంట నడవడం నక్కల వంశానికి కొత్త కాదు. గుంపు వదిలేసిన ఒంటరి నక్క పులి వెనకాల దూరంగా నడుస్తూ, అది తిని వదిలిన మాంసంతో బతకడం మన అడవుల్లో ఎప్పటి నుంచో చూస్తున్నదే. పులి స్థానంలో కుక్కను పెట్టి చూడండి. కోసిన చెరకు మోళ్ల మధ్య టార్చిలైటు వెలుగుకు అవతల మెరిసే రెండు కళ్ల సంగతి సగం అర్థమవుతుంది. ఆ మెరుపు కూడా మాయ కాదు. నక్క కంట్లో వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. మన లైటు దాని మీద పడి మనకే తిరిగొస్తుంది.

తినడమా? తలెత్తడమా?

మరి భయం లేదా? ఉందనీ, దాన్ని కొలవొచ్చనీ చూపించారు శాస్త్రవేత్తలు. మన పద్మశాలీల మగ్గాలతో తెలుగువారికి బాగా పరిచయమున్న సోలాపూర్ పక్కనే నాన్నజ్ అనే ఊరుంది. బట్టమేకల పిట్ట అభయారణ్యం అక్కడిదే. ఆ గడ్డిమైదానాల్లో అబి తమీమ్ వనక్, మరియా థాకర్, మాథ్యూ గాంపర్ గుంటనక్కల మీద ఒక ప్రయోగం చేశారు. 2009లో ఫలితాలు ప్రచురించారు. పద్ధతి సులువైనదే. పళ్లేల్లో తిండి పెట్టారు. ఒకసారి ఏమీ లేకుండా, ఒకసారి కుక్క కనబడేలా, మరోసారి కుక్క వాసన మాత్రమే ఉండేలా.

ఏమైందో తెలుసా? కుక్క కళ్లెదుట ఉన్నా గుంటనక్కలు రావడం మానలేదు! వచ్చాయి. కానీ పళ్లెం దగ్గర గడిపే సమయం 83 శాతం పడిపోయింది. తిన్న తిండి 70 శాతం తగ్గింది. మిగతా సమయమంతా తలెత్తి చూడటమే. ఆటా లేదు, విశ్రాంతీ లేదు. వాసనకు మాత్రం చలించలేదు. కుక్క ఎదురుగా ఉందా లేదా అన్నదే వాటి లెక్క. 

అంటే వేటకుక్కల చుట్టూ తచ్చాడే గుంటనక్క ధైర్యవంతురాలేం కాదు. ఆకలినీ ప్రాణభయాన్నీ రెండు పక్కలా పెట్టి, అడుగడుక్కీ తూచుకునే జీవి. చూసేవారికి అది ‘కుక్కలతో ఆటలాడటం’లా కనబడుతుందంతే. కుక్కల సంచారం ఎక్కువైన చోట ఆ లెక్క ప్రతి రాత్రీ నష్టంలోనే ముగుస్తుంది. కుక్క ఒక్క నక్కను కరవకపోయినా సరే, దాని కడుపు మాడుతుంది.

గుంటలో పిల్లలుంటే...

కోత కాలానికే గుంటనక్క ఇంట్లో పురుడు కూడా. యాభై రోజుల పైచిలుకు మోసి, ఎక్కువగా జనవరి నుంచి మార్చి లోపు రెండు నుంచి నాలుగు పిల్లల్ని కంటుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా కాస్తాయి, ఇద్దరూ తిండి తెస్తాయి. గుంటకు ఒకటికి మించి నోళ్లు ఉంటాయి. ఒక దాంట్లో దూరి ఇంకో దాంట్లోంచి బయటపడే వీలన్నమాట.

ఆ రోజుల్లో గుంట దగ్గరికి కుక్క వస్తే నక్క వరస మారిపోతుంది. పారిపోదు. కొంచెం దూరంలో నిలబడి కీచుగా అరుస్తుంది, కుక్క కదిలితే తానూ కదులుతుంది. అమెరికాలో నక్కకు దాయాది అయిన కొయోటీ కూడా పిల్లలున్న రోజుల్లో ఇంతే. కుక్కతో షికారుకొచ్చిన మనిషి వెనకాలే నడిచి, తన సరిహద్దు దాటేదాకా సాగనంపి వెళ్తుంది. అక్కడి వన్యప్రాణి అధికారులు దీనికి ‘ఎస్కార్టింగ్’ అని పేరు పెట్టారు. దాడి చేస్తోందని జనం బెంబేలెత్తుతుంటే, అది మాత్రం ‘అటు పొండి బాబూ’ అంటోందన్నమాట. మన బీళ్లలో అర్ధరాత్రి ఒక చోటే నిలబడి మొరిగే నక్క కనబడితే చేయాల్సిందీ అదే... కుక్కను పిలిచి గొలుసు వేసి వెనక్కి తిరగడం.

భయం పూర్తిగా పోతే?

ఇక మూడో రకం. ఇది తూచదు, దూరం పాటించదు, తిండి వైపు చూడదు. సరాసరి కుక్కల మధ్యకే వచ్చేస్తుంది. పట్టపగలు ఊళ్లోకీ వస్తుంది. నడక తడబడుతుంది, నోటి వెంట చొంగ కారుతుంది, కనబడ్డదాన్నల్లా కొరుకుతుంది. ‘ఎంత ధైర్యమో’ అని సెల్‌ఫోన్‌తో ఫొటో తీయబోయేవారు ఉంటారు. ఆ పని అస్సలు వద్దు. రేబిస్ సోకిన నక్కలో మొదట పోయేది భయమే. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే జబ్బు సోకినా కొంత ఇలాగే ఉంటుంది. ఏది ఏదో చీకట్లో తేల్చుకోవడం ఎవరి వల్లా కాదు.

చీకట్లో కుక్కా నక్కా కలబడతాయి. రెండు నిమిషాల్లో గొడవ అయిపోతుంది. యజమాని కుక్కను పట్టుకుని మూతికంటిన నెత్తురూ చొంగా వట్టి చేత్తో తుడుస్తాడు. చెరకాకు గీసుకున్న గీతలు ఆ చేతి మీద ఉండనే ఉంటాయి. రేబిస్‌కు అంతకన్నా పెద్ద దారి అక్కర్లేదు. లక్షణాలు బయటపడటానికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. బయటపడ్డాక మాత్రం దాదాపుగా బతకరు.

అలాంటప్పుడు పసుపు, కారం, సున్నం పెట్టడం కాదు... పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. ఆ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అడవి జంతువు కరిస్తే చిన్న గాటైనా తీవ్రమైనదిగానే లెక్కిస్తారు. టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేస్తారు. టీకా ఒక్క డోసుతో ఆగదు. కండకు వేసేదైతే మొదటి రోజుతో మొదలుపెట్టి 3, 7, 14, 28 రోజుల్లో వేయించుకోవాలి. నొప్పి తగ్గిందని మధ్యలో మానేస్తే మొత్తం వృథా. కరిపించుకున్న కుక్కను కూడా అదే రోజు పశువైద్యుడికి చూపించాలి.

ఇచ్చిపుచ్చుకునే రోగాలు

ఇదంతా నక్క మీద నేరం మోపడానికి కాదు. లెక్క చూస్తే కుక్క నుంచి అడవికి వెళ్లే జబ్బులే ఎక్కువ భయపెడుతున్నాయి. టీకాలు లేని ఊరకుక్కల్లో డిస్టెంపర్, పార్వో వైరస్‌లు విరివిగా తిరుగుతుంటాయి. నాన్నజ్ ప్రాంతంలో జరిపిన పరీక్షల్లో కుక్కల్లోనే కాదు, గుంటనక్కల్లోనూ ఆ వైరస్‌ల ఆనవాళ్లు దొరికాయి. 2018లో గుజరాత్ గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు కొన్నింటిలో డిస్టెంపర్ వైరస్ బయటపడింది. సింహానికే దిక్కులేనప్పుడు మూడు కిలోల గుంటనక్క ఏపాటిది?

చట్టం కూడా ఈ మధ్య దాని వైపు గట్టిగా నిలబడింది. 2022 సవరణతో నక్క, గుంటనక్క రెండూ మొదటి షెడ్యూలులోకి చేరాయి. వాటిని వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, తక్కువలో తక్కువ 25 వేల రూపాయల జరిమానా. కుందేటి కోసం వదిలిన కుక్క దారిలో గుంటనక్కను నమిలేస్తే ఆ లెక్క కుక్క యజమాని ఖాతాలోకే వెళ్తుంది.

వేటతో సంబంధం లేకుండా, చేను కాపలాకు కుక్కను పెంచుకునే ఇళ్లు ఈ సీమలో ఎన్నో. రాత్రి అది ఎవరితో తలపడి వచ్చిందో తెల్లారి చెప్పదు. ఏటా జులై 6న, జూనోసిస్ దినం నాడు, పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. కుక్క గొలుసు పట్టుకుని ఒక్క పూట క్యూలో నిలబడితే సరిపోతుంది.