కుంభారి మోతకు గిటారు చుట్టమే

సోలాపురమునుండి అక్కల్‌కోటకు పోవు బాటమీద కుంభారి యను ఊరు కలదు. తెలంగాణపు పల్లెలు విడిచి తరతరాలుగా వలసవచ్చి, దుప్పట్లకును తువ్వాళ్లకును పేరుమోసిన సోలాపురపు మగ్గములను నమ్ముకొని బ్రతికిన పద్మశాలి కుటుంబములు మొదలుగాగల శ్రామికజనము, నరసయ్య ఆడం నాయకత్వమున ఏండ్ల తరబడి పోరాడి సాధించుకొన్న కాలనీలు అచ్చట వెలసినవి. గోదూతాయి పరులేకర్ పేరిట బీడీ కార్మిక స్త్రీలకై కట్టిన పదివేల యిండ్లు 2006లో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతులమీదుగా వారికి దక్కెను. 2024 జనవరి 19న అచ్చటనే రాయ్‌నగర్ కాలనీలో మరి 15,000 ఇండ్లను ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించెను. ఇంత జనము, అందును చదువుకొను పిల్లలుగల జనము, ఒకచోట చేరినప్పుడు పాట పుట్టక మానదు. అయితే కళాశాల కుర్రవాండ్రు నలుగురు కూడి గిటారును, డ్రమ్ములను, మైకును ముందిడుకొని రాక్ బ్యాండు కట్టినచో, అది పరదేశపు వేషమని పెదవి విరుచు పెద్దలు మనలో ఉన్నారు. ఆ సంగీతపు పుట్టుక నెరిగినవారు అట్లనజాలరు.

ఇంగ్లాండులో బర్మింగ్‌హామ్ కర్మాగారముల నగరము. అచ్చట రేకుల పనిలోనున్న టోనీ అయోమి యను పదునేడేండ్ల యువకుడు 1965లో, కొలువు విడుచు చివరిదినముననే, యంత్రములో చేయి పడి కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను పోగొట్టుకొనెను. ఎడమచేతి వాటము వాడగుటచే, గిటారు తీగలను అదిమిపట్టునది అతనికి ఆ కుడిచేయియే. ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొని, సన్నని తీగలు కట్టి, పోనుపోను వాని బిగువును సైతము సడలించి అతడు వాయింపగా వెలువడిన ఆ బరువైన నాదమే, 1970లో వచ్చిన బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమునుండి హెవీ మెటల్ అను శాఖకు ప్రాణమైనది.

మరమగ్గపు షెడ్డులో కొంతసేపు నిలిచినవారికి ఇందు వింత తోపదు. నాడె ఈ కొసనుండి ఆ కొసకు విసురుగా పోవును. వెంటనే పన్నె వచ్చి పేకను గుద్దును. ప్రక్క మగ్గము రవంత వెనుకబడి అదే దెబ్బ వేయును. పోగు తెగి ఒక మగ్గము ఆగెనా, అంత హోరులోను ఆ ఒక్క లోటును నేతగాని చెవి పట్టును. మాట వినబడదు గనుక మనుష్యులు సైగలతో పని జరుపుకొందురు. తాళజ్ఞానమును వేరుగా నేర్పనక్కరలేని బడి అది.

దూరదేశముల మాట అటుంచినను, ఈ మహారాష్ట్రముననే పంచగనిలోని సెయింట్ పీటర్స్ పాఠశాలలో అయిదుగురు బాలురు 1958లో ‘ది హెక్టిక్స్’ అను బ్యాండు పెట్టిరి. అందు పియానో వాయించిన ఫరోఖ్ బుల్సారా, జాంజిబారునుండి చదువునకై వచ్చిన పార్సీ బాలుడు, పిమ్మట లండనులో ఫ్రెడ్డీ మెర్క్యురీ యను పేర క్వీన్ బృందపు గొంతుకయై లోకమునకు తెలిసెను. పంచగనిలో ఆ బాలురు పాడినవి మాత్రము పరుల పాటలే. మన కళాశాలల బ్యాండ్లును బహుకాలము అదే దారిని నడిచినవి.

సొంతభాషలోనికి మలుపు త్రిప్పినవారిలో కలకత్తావారు ముందుందురు. 1975లో గౌతమ్ చటోపాధ్యాయ మొదలగువారు ‘మొహినేర్ ఘోరాగులి’ బృందమును కూర్చి, బావుల్ బాణీలను గిటారుతో ముడివేసి బెంగాలీలోనే పాడిరి. నాడు చెవియొగ్గినవారు కొద్దిమందియే. ఇరువదేండ్లు గడచిన తరువాత కొత్తతరము వారిని తలకెత్తుకొనెను. తెలుగున ఈ మలుపు మరింత ఆలస్యమైనది. సినిమాపాట మన చెవుల నంతగా ఆక్రమించుటయే అందుకు హేతువని నా నమ్మకము. హైదరాబాదులో యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల మున్నగువారి ‘చౌరస్తా’ బృందము రెగె లయకు జానపదపు నుడికారమును జోడించి ‘ఊరెళ్ళిపోతా మామా’ యని పాడినప్పుడు, ఏ హీరో అండయు లేని తెలుగుపాట ఇంటింటికిని చేరగలదని ఋజువైనది. 2020లో కరోనా వేళ ‘చెయ్యి చెయ్యి కలపకురా’ అనుచు జాగ్రత్త చెప్పినవారును వారే.

ఊరికి మరలిపోయెదనను ఆ పాట కుంభారిలో వినబడినచో ఒక చిక్కుప్రశ్న లేచును: ఏ ఊరికి? ముత్తాత విడిచివచ్చిన పల్లెలో నేడు పలుకరించువా రుండరు. పుట్టి పెరిగినది ఇచ్చటనే. ఇంట తెలుగు, బడిలోను బజారులోను మరాఠీ. ఈ బ్రతుకును హైదరాబాదువారు మనకై పాడిపెట్టలేరు. దానిని కుంభారి పిల్లలే, మరాఠీ పలుకులు కలగలిసిన తమ ఇంటి తెలుగులో, దిద్దుబాటు లేక పాడవలెను. వారికి దారి చూపిన పెద్దలు ఈ జిల్లాలోనే ఉండిరి. బార్శీలో పుట్టిన అమర్ షేక్, అన్నాభావు సాఠే, గవాణ్కర్‌లతో కూడి 1944లో ‘లాల్ బావటా కళాపథక్’ అను బృందమును స్థాపించి, డప్పును గొంతును నమ్ముకొని కార్మికవాడలలో వేలమంది నిలిచి వినునట్లు పాడెను. నలుగురు యువకులు, పెద్ద చప్పుడు, తమ వాడ మాట: బ్యాండునకు ఇంతకుమించిన నిర్వచనము నే నెరుగను.

గిటారు వాయిదాలమీదనైనను కొనవచ్చును. లేనిది చోటు. చాట ఒడిలో పెట్టుకొని, కత్తిరించిన తునికాకులో పొగాకు నింపి, దారము చుట్టుచు ప్రొద్దుపోవువరకు తల్లి పని చేయు చిన్నయింట డ్రమ్ములు మ్రోగింప వీలుపడదు. కావున కాలనీలలో సాయంకాలము తలుపు తెరచియుండు సాధనగది యొక్కటి, దానికి నిలకడైన కరెంటు, బీరువాలో తాళము వేసి భద్రపరచు నాలుగు వాద్యములు కావలెను. వేలయిండ్లు అడిగి సాధించుకొన్నవారికి ఈ ఒక్కగదిని కూడ అడుగు హక్కున్నది.