ఉద్దానం కూత, ఐర్లండు కర్ర

సంక్రాంతికి రెండు రోజుల ముందు నుంచీ శ్రీకాకుళం జిల్లా పలాస స్టేషన్‌లో రైలు ఆగిందంటే ప్లాట్‌ఫారం నిండిపోతుంది. విశాఖ, హైదరాబాద్, చెన్నై, గుజరాత్ రేవులు, అండమాన్. ఆ చుట్టుపక్కల ఉద్దానం ఊళ్ళ కుర్రాళ్ళు ఏ మూల పని చేస్తున్నారో ఆ నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. కనుమ నాటికి వాళ్ళలో కొందరు నిక్కర్లేసుకుని ఇసుకలో ఉంటారు. కబడ్డీ ఆడుతూ.

బడి ఆవరణలోనో, కొబ్బరితోట పక్క బయల్లోనో, టెక్కలి వైపైతే కోతలైన వరిమడిలోనో సున్నంతో గీతలు గీస్తారు. ఉద్దానం నేల ఇసుక నేల. పడితే మోకాలు చెక్కుకుపోదు గానీ, పాదం ఆనదు. కూతకెళ్ళినవాడు ఒక్క ఉదుటున వెనక్కి తిరగబోతే కాలికింద నేల జారుతుంది. పట్టేవాళ్ళు కాచుకునేది ఆ ఒక్క క్షణం కోసమే. ఒకడు చీలమండ దొరకబుచ్చుకోగానే పక్కవాడు నడుము మీద పడతాడు, మూడోవాడు గీత వైపు అడ్డం వస్తాడు. బయట నుంచి కేకలు: "ఏటి సూత్తన్నావురా, కాలట్టుకో!" మైకులో ఆటగాడి పేరు తర్వాత వస్తుంది, ముందు వచ్చేది ఊరి పేరు. ఓడిపోయేదీ ఊరే.

ఇలా ఊరి పేరు మీద ఆడే ఆటను దేశం మొత్తానికి పండుగ చేసుకున్న చోటు ఐర్లండు. అక్కడి ఆటను తెలుసుకుంటే మన ఆటల్లో ఏది మిగిలిందో, ఏది ఎందుకు పోయిందో కాస్త తేటపడుతుంది.

వాళ్ళ ఆట పేరు హర్లింగ్. పదిహేను మంది ఒక జట్టు. చేతిలో యాష్ చెట్టు మొదట్లో, వేరు వంపు తిరిగే చోట కోసి చెక్కిన కర్ర. కర్ర చివర అరచేయంత పలక. బంతి లోపల బెండు, పైన తోలు; పేరు స్లిటర్. దాన్ని నేల మీద కొట్టొచ్చు, గాల్లోనే కొట్టొచ్చు, కర్ర పలక మీద నిలబెట్టుకుని పరుగెత్తొచ్చు. చేత్తో పట్టుకుంటే మాత్రం నాలుగడుగులకు మించి వెయ్యకూడదు. గోల్ స్తంభాలు ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర కింద నుంచి వలలోకి పోతే మూడు పాయింట్లు, పైనుంచి పోతే ఒకటి. కౌంటీల మధ్య పెద్ద మ్యాచ్ 70 నిమిషాలు. దీనికి తోబుట్టువు గేలిక్ ఫుట్‌బాల్. అవే స్తంభాలు, కర్ర మాత్రం ఉండదు.

డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో ఫైనల్‌కు 82 వేల మంది కూర్చుంటారు. ఆడేవాళ్ళకు జీతం లేదు. ఆదివారం అంతమంది ముందు ఆడిన బడిపంతులు సోమవారం పలకరింపులు దాటుకుంటూ బడికి పోతాడు. ఎక్కువ పైకమిచ్చే జట్టుకు అమ్ముడుపోవడమన్నదే లేదు. పుట్టి పెరిగిన చోటే జట్టు.

ఇదంతా తాతల నాటి నుంచి ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. 1884 నవంబర్ 1న టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ అనే చిన్న పట్నంలో, హేస్ హోటల్లో, మైకేల్ క్యూసాక్, మారిస్ డేవిన్ మరికొందరితో కలిసి కూర్చుని గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను పెట్టారు. అప్పటికి హర్లింగ్ చచ్చీ చెడీ కొన్ని తావుల్లోనే మిగిలి ఉంది. అదైనా ఒకటే ఆట కాదు. దక్షిణాన వేసవిలో వెడల్పాటి కర్రతో ఆడేది ఒకటి, ఉత్తరాన చలికాలంలో సన్న కర్రతో నేల మీదే కొట్టేది మరొకటి. నియమాలు రాసినవాళ్ళు దక్షిణం ఆటను రాశారు. ఉత్తరం ఆట తెరమరుగైంది. రాసినదైనా స్థిరపడడానికి చాలా ఏళ్ళు పట్టింది: మొదట జట్టుకు 21 మంది, తర్వాత 17, 1913 నుంచి 15. తొలినాళ్ళలో ఒక్క గోల్ కొడితే అవతలివాళ్ళు ఎన్ని పాయింట్లు చేసినా దిగదుడుపే. ఆ మూడు పాయింట్ల లెక్క 1896లో వచ్చింది.

మన చెడుగుడుకూ, అంటే కబడ్డీకీ, ఇదే జరిగింది. కాకపోతే రాత ఇక్కడ జరగలేదు, మహారాష్ట్ర, బరోడా వైపు జరిగింది. అప్పటికి ఆటలో మూడు తీర్లుండేవి. ఔటైనవాడు మన పాయింటుతో మళ్ళీ బతికి లోపలికొచ్చేది సంజీవని. ఔటైతే ఇక బయటే, మొత్తం జట్టు పోయేదాకా ఆడేది గామిని. ఔటైనా బయటికి పోకుండా పాయింటు మాత్రమే రాసుకునేది అమర్. ఇప్పుడు టీవీలో చూసేది సంజీవని వంగడమే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ వేళ మహారాష్ట్ర అమరావతి నుంచి వెళ్ళిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వాళ్ళు అక్కడ ఆడి చూపించారు. 1950లో అఖిల భారత సమాఖ్య, 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకం. 2014లో ప్రొ కబడ్డీ వచ్చి తెలుగు టైటాన్స్ విశాఖలో ఆడింది.

కొత్తగా చూసేవాళ్ళకు నాలుగు ముక్కలు. మగవాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. పక్కకు ఏడుగురు. కూత 30 సెకన్లు. నడిగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైను. ఎవరినీ తాకకపోతే కూతకెళ్ళినవాడు దాన్ని దాటి రావాల్సిందే. దానికి మరో మీటరు అవతల బోనస్ లైను. లోపల ఆరుగురో ఏడుగురో ఉంటేనే ఆ పాయింటు. ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు పట్టేస్తే ఒక పాయింటు ఎక్కువ. మొత్తం జట్టును ఖాళీ చేస్తే లోనా, రెండు పాయింట్లు. రాసిన ఆట అందరిదీ అవుతుంది, దానికి కట్టే మూల్యం కూడా ఉంది: 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మగవాళ్ళ సెమీఫైనల్, ఆడవాళ్ళ ఫైనల్ రెండిట్లోనూ మనల్ని ఇరాన్ ఓడించింది.

ఇక రాయనిదాని సంగతి. హర్లింగ్‌కు మన దగ్గరున్న దగ్గరి చుట్టం కబడ్డీ కాదు, కర్రాబిళ్ళ. బిళ్ళంగోడు అన్నా, గూటీబిళ్ళ అన్నా అదే. మూరెడు దాటిన కర్ర, రెండు కొసలూ చెక్కిన జానెడు బిళ్ళ, నేలలో చిన్న గుంట. గుంట మీద బిళ్ళను అడ్డంగా పెట్టి కర్రతో చిమ్మాలి. ఎదురు నిలిచినవాడు గాల్లో పట్టేస్తే ఔటు. పట్టకపోతే, గుంట మీద పడుకోబెట్టిన కర్రకు బిళ్ళ విసిరి తగిలించినా ఔటే. బతికితే అసలు ఆట మొదలు. బిళ్ళ కొసన తడితే అది గింగిరాలు తిరుగుతూ లేస్తుంది, నేలకు దిగేలోపు కొట్టాలి. పడిన చోటు నుంచి గుంట దాకా కర్రతో కొలుస్తారు. కొలిచేవాడు ప్రతి కర్రకూ రెండు వేళ్ళు కలుపుకుంటాడు, అవతలివాడు పట్టుకుంటాడు, సగం పొద్దు ఆ తగవులోనే పోతుంది. కొన్ని ఊళ్ళలో ఓడినవాడు బిళ్ళ పడిన చోటు నుంచి గుక్క తిప్పకుండా కూత కూస్తూ గుంట దాకా రావాలి. చెడుగుడు ఊపిరి ఇందులోనూ ఉందన్నమాట.

కదిలే వస్తువును గాల్లో కర్రతో కొట్టే ఆ ఒడుపు హర్లింగ్ ఆటగాడికీ, బిళ్ళ కొట్టే కుర్రాడికీ ఒక్కటే. వాడికి కౌంటీ చొక్కా ఉంది, వీడికి లేదు. 2023 డిసెంబర్ 26న రాష్ట్రంలో "ఆడుదాం ఆంధ్రా" మొదలుపెట్టినప్పుడు సచివాలయం స్థాయి నుంచి పోటీ పెట్టిన ఆటలు అయిదు: క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్. కర్రాబిళ్ళ ఆ జాబితాలోకి రావాలన్నా కుదరదు. పలాసలో గుంట ఎంత లోతుండాలో, సోంపేటలో ఎంతమంది దిగాలో చెప్పే కాగితమే లేదు. రిఫరీకి విజిల్ ఇవ్వొచ్చు, ఏం చూసి ఊదాలో ఎలా చెబుతాం?

ఈ జిల్లాకు ఆటల వారసత్వం తక్కువేం కాదు. 2022 దాకా ఈ జిల్లాలోనే ఉన్న వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలిపి ప్రపంచమంతా తిరిగాడు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో భారత మహిళకు అదే తొలి పతకం. ఊళ్ళో సంగిడీ రాళ్ళు ఎత్తే సరదాకు వెయిట్‌లిఫ్టింగ్ అనే రాసిన ఆట ఎదురుపడింది కాబట్టే ఆ బలానికి కొలత దొరికింది.

వలసపోయినవాళ్ళ సంగతిలోనూ ఐర్లండు మనకు దగ్గరే. 1847 కరువుకు నూరేళ్ళయిన సందర్భాన, 1947లో వాళ్ళు గేలిక్ ఫుట్‌బాల్ ఫైనల్‌ను ఏకంగా న్యూయార్క్‌కు పట్టుకెళ్ళి ఆడారు. కెరీ మీద క్యావన్ గెలిచింది. వలసపోయినవాళ్ళు తమ ఆటను కళ్ళారా చూశారు. బారువ, కళింగపట్నం రేవుల్లో రంగూన్ ఓడలెక్కిన మన తరానికి అలాంటి ఏర్పాటెవరూ చెయ్యలేదు. ఇప్పటివాళ్ళకు సంక్రాంతి రైలే గతి.

కర్రాబిళ్ళ పోవడానికి క్రికెట్టే కారణమనడం సులువు. నాకైతే అంతకంటే పెద్ద కారణం కన్ను అనిపిస్తుంది. గింగిరాలు తిరిగే బిళ్ళకు రెండు కొసలూ మొనలే. దెబ్బ తగిలిన పిల్లాడి కథ ఒకటి ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది, ఆ కథ చెప్పే అమ్మలు కర్రలు పొయ్యిలో పెట్టేశారు. వాళ్ళను తప్పుపట్టలేం. వంద గ్రాములు దాటిన బంతిని ఆ వేగంతో కొట్టుకునే ఐర్లండు వాళ్ళు కూడా పెద్ద ఆటగాళ్ళను చాన్నాళ్ళు ఒట్టి తలలతోనే ఆడనిచ్చారు. 2010 నుంచి ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ అందరికీ తప్పనిసరి చేశారు. మన బిళ్ళకు కొసలు గుండ్రంగా చెక్కి రబ్బరు తొడుగు వేస్తే చాలు, దూరం నాలుగు కర్రలు తగ్గుతుందేమో. ఎవరైనా కూర్చుని నియమాలు రాస్తే మొదట రాయాల్సింది ఇది. గుంట లోతు తర్వాత తేల్చుకోవచ్చు.