థీసిస్ చివర్లో రెఫరెన్సుల గోల: జొటెరో ఎలా పెట్టుకోవాలి, మన పేర్ల దగ్గర ఎక్కడ జాగ్రత్తపడాలి?

పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలున్న ఇంట్లో చివరి ఆరు నెలలు ఎలా గడుస్తాయో ఆ ఇంటివాళ్లకే తెలుసు. చాప్టర్లన్నీ అయిపోయాయంటారు, గైడ్ సంతకం ఒక్కటే మిగిలిందంటారు. అయినా రాత్రి రెండింటికి కూడా గదిలో లైటు ఆరదు. ఇంకా ఏం చేస్తున్నావ్ బేటీ అని అమ్మీ అడిగితే 'రెఫరెన్సులు సరిచేస్తున్నా' అని జవాబు వస్తుంది.

రెఫరెన్సంటే ఏదో పెద్ద విద్య అనుకోనక్కర్లేదు. ఫలానా మాట ఫలానా పుస్తకంలో, ఫలానా పేజీలో ఉందని చూపించే ఆధారం అది. దుకాణం లెక్కల్లో వోచర్ లేని ఖర్చును ఆడిటర్ ఒప్పుకోడు. థీసిస్‌లో ఆధారం లేని వాక్యాన్ని పరీక్షకులు కూడా అలాగే చూస్తారు. చిక్కంతా లెక్కలో ఉంది. ఒక థీసిస్‌లో రెండు మూడు వందల పుస్తకాలు, వ్యాసాల ప్రస్తావన రావడం మామూలే. వాటిని చేత్తో రాసుకుంటూ పోతే సగం నోట్‌బుక్కులో, సగం ఫోన్ స్క్రీన్‌షాట్లలో, మిగతావి ఎవరో వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లలో మిగిలిపోతాయి.

ఇది అందంగా రాయడం గురించి మాత్రమే కాదు. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే సమస్య మొదలవుతుంది. 40 శాతం వరకు ఉంటే ఆరు నెలల లోపు సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మూలం సరిగ్గా చూపించి కోట్ చేసిన భాగాలను, చివర్లో ఇచ్చే రెఫరెన్సుల పట్టికను ఈ లెక్కలో కలపరు. కాబట్టి దొంగతనం ఉద్దేశం ఏమాత్రం లేని విద్యార్థి కూడా మూలం రాయడం మరిచిపోయినందుకే ఇరుక్కోవచ్చు.

దీనికోసం డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లున్నాయి. కానీ మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్ 2022-23 నుంచి ఆగిపోయాక చాలా ఇళ్లల్లో పరిశోధన ఖర్చు నేరుగా అబ్బా జేబు మీదే పడింది. ఉచితంగా దొరికేదాన్నే చూసుకోవాలి. అందులో అందరికీ పనికొచ్చేది జొటెరో. అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్ర పరిశోధకులు తమ అవసరం కోసం తయారుచేసి 2006లో బయటికి తెచ్చారు. ఇప్పుడు దీన్ని లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. పైరసీ కాపీ వెతుక్కునే అవసరం రాదు, ఇంటివాళ్లకు ఆ భయమూ ఉండదు.

పెట్టుకోవడం ఇలా

జొటెరో డాట్ ఓఆర్‌జీ సైటులోకి వెళ్లి డౌన్‌లోడ్ నొక్కితే రెండు వస్తాయి. ఒకటి కంప్యూటర్లో వేసుకునే అసలు ప్రోగ్రామ్. రెండోది బ్రౌజర్లో చేరే కనెక్టర్. చాలామంది మొదటిది వేసుకుని రెండోది వదిలేస్తారు, తర్వాత ఇదేం పనిచేయట్లేదంటారు. అసలు సుఖమంతా కనెక్టర్లోనే ఉంది. ఏదైనా వ్యాసం లేదా లైబ్రరీ కేటలాగ్ పేజీ తెరిచి, పైన కనిపించే చిన్న గుర్తు నొక్కితే చాలు. రచయిత, పేరు, సంవత్సరం, పత్రిక అన్నీ వాటంతటవే వచ్చి చేరతాయి. చేతిలో పుస్తకముంటే వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్ నంబర్ కొట్టినా వివరాలు వస్తాయి. వచ్చిన వివరాలను మాత్రం ఒకసారి పుస్తకంతో పోల్చి చూడాలి, కేటలాగుల్లోనూ తప్పులుంటాయి.

తర్వాత అదే సైటులో ఉచిత ఖాతా తెరవాలి. ప్రోగ్రామ్‌లో ఎడిట్, సెట్టింగ్స్, సింక్ అని వెళ్లి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వాలి. అప్పట్నుంచి లైబ్రరీ వెబ్‌లో కూడా ఉంటుంది. హాస్టల్ కంప్యూటర్లోనో, లైబ్రరీలోనో, నెట్ సెంటర్లోనో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా సైటులో లాగిన్ అయి చూసుకోవచ్చు. వాడాక లాగౌట్ చేయడం మరవకూడదు.

ఉచిత ఖాతాలో ఫైళ్లకు 300 ఎంబీ చోటిస్తారు. స్కాన్ చేసిన పుస్తకాలు నాలుగైదు పెడితే అది నిండిపోతుంది. నిండిందని హైరానా పడనక్కర్లేదు. ఆ పరిమితి పీడీఎఫ్ ఫైళ్లకే, రెఫరెన్సు వివరాలకు పరిమితి లేదు. సింక్ సెట్టింగ్స్‌లో ఫైళ్ల సింక్ తీసేసి వివరాలు మాత్రమే సింక్ చేసుకుంటే డబ్బు కట్టాల్సిన పనిలేదు. చోటు కావాలంటే 2 జీబీకి ఏడాదికి 20 డాలర్లు.

ఒక తప్పు మాత్రం చేయొద్దు. కంప్యూటర్లో జొటెరో అని ఒక ఫోల్డర్ ఏర్పడుతుంది. భద్రంగా ఉంటుంది కదా అని దాన్ని తీసుకెళ్లి గూగుల్ డ్రైవ్‌లోనో, వన్‌డ్రైవ్‌లోనో పెట్టి అక్కడి నుంచి నడిపిస్తే డేటాబేస్ పాడైపోయే ప్రమాదముంది. దాన్ని ఉన్నచోటే ఉంచాలి. వారానికోసారి ప్రోగ్రామ్ మూసేసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే సరి.

మన పేర్ల సంగతి

ఇంతవరకు అందరికీ ఒకటే. ఇక్కడి నుంచి మన పిల్లలకు వేరే తలనొప్పి. ఇలాంటి సాఫ్ట్‌వేర్లన్నీ పాశ్చాత్య పేర్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. పేరులో చివరి మాటే ఇంటిపేరు అనుకుంటాయి. మొహమ్మద్ అబ్దుల్ కరీం అని ఉంటే కరీం ఇంటిపేరైపోయి, మొహమ్మద్ అబ్దుల్ పొట్టి అక్షరాలుగా మారిపోతుంది. అబ్దుల్ కరీం అంటే కరీం అయిన అల్లాహ్‌కు దాసుడని అర్థం. అబ్దుల్ తీసేసి మిగిలిన మాటతో మనిషిని పిలవొద్దని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. థీసిస్‌లోనూ ఆ రెండు మాటల్ని విడదీయకుండా ఇంటిపేరు గడిలో 'అబ్దుల్ కరీం' అని కలిపి రాసి, మొహమ్మద్‌ను రెండో గడిలో ఉంచితే సరిపోతుంది.

ఆంధ్రలో ఇంకో రకం. షేక్, సయ్యద్, పఠాన్ అనేవి ఇంటిపేర్లలా ముందే వస్తాయి. షేక్ మస్తాన్ వలి అనే రచయిత ఉంటే ఇంటిపేరు షేక్ అనాలా, వలి అనాలా? ఆ రచయిత తన వ్యాసాల్లో ఎలా రాసుకున్నాడో అదే పాటించాలి. ఎటూ తేలకపోతే పేరు గడి పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే రెండు గడులు ఒకటైపోతాయి. అందులో పేరు మొత్తం ఉన్నదున్నట్టు రాసేయొచ్చు. బిరుదులు మాత్రం గడిలోకి రావు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ పుస్తకానికి ఇంటిపేరు ఆజాద్, అసలు పేరు అబుల్ కలాం. మౌలానా అని చేర్చకూడదు. సర్ సయ్యద్ విషయంలో 'సర్' కూడా అంతే.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది స్పెల్లింగుది. ఒకే మనిషిని ఒక పుస్తకంలో మొహమ్మద్, ఇంకోదాంట్లో ఎండీ, మరోచోట ముహమ్మద్ అని వేస్తారు. సాఫ్ట్‌వేర్‌కు అవి ముగ్గురు మనుషులు. ఏపీఏ పద్ధతిలో రాస్తుంటే వాళ్లను వేరు చేసి చూపించడానికి ఇంటిపేరు ముందు పొట్టి అక్షరాలు తగిలిస్తుంది. థీసిస్ మధ్యలో హఠాత్తుగా అలాంటి అక్షరాలు కనిపిస్తే ఎక్కడో స్పెల్లింగ్ తేడా ఉందని అర్థం. లైబ్రరీలో రచయిత పేరుతో వెతికి అన్నీ ఒకేలా సరిచేయాలి.

పరిశోధకులు తమ సొంత పేరు గురించి కూడా ఆలోచించుకోవాలి. ఒక వ్యాసంలో ఎస్‌కే, రెండో దాంట్లో షేక్, పెళ్లయ్యాక బేగం చేరిస్తే పదేళ్ల తర్వాత ఆ వ్యాసాలన్నీ ఒక్కరివేనని నిరూపించుకోవడం కష్టం. ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు నంబర్ ఉచితంగా వస్తుంది, మొదటి వ్యాసం పంపేముందే తీసుకోవడం మంచిది.

హిజ్రీనా, ఫస్లీనా?

పాత ఉర్దూ పుస్తకాల మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది. 1300 హిజ్రీ అంటే క్రీస్తుశకం 1882 నవంబర్లో మొదలై 1883 నవంబర్లో ముగిసింది. నెల తెలియకపోతే రెండేళ్లలో ఏదో చెప్పలేం. తేదీ గడిలో 1882 లేదా 1883 అని ఊహించి రాయకుండా గైడ్‌ను అడిగి ఒక పద్ధతి పెట్టుకోవాలి. అసలు హిజ్రీ సంవత్సరాన్ని ఎక్స్‌ట్రా అనే గడిలో తప్పకుండా రాసుకోవాలి.

హైదరాబాద్ సంస్థానం మీద పనిచేసేవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉండే నిజాం కాలపు దఫ్తర్ కాగితాల్లో ఎక్కువగా ఫస్లీ లెక్క వాడారు. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1357 ఫస్లీ అంటే 1947-48, అంటే పోలీస్ యాక్షన్ జరిగిన కాలం. అదే అంకెను హిజ్రీ అనుకుంటే 1938-39 అవుతుంది. ఒక్క మాట తప్పు చదివితే కాగితం పదేళ్లు వెనక్కి పోతుంది, దాని మీద కట్టిన వాదన మొత్తం కూలిపోతుంది. అందుకే అంకె పక్కన హిజ్రీనో ఫస్లీనో వెంటనే రాసి పెట్టుకోవాలి, తర్వాత చూద్దామంటే గుర్తుండదు.

ఖురాన్ ఆయతును చూపేటప్పుడు రచయిత గడి ఖాళీగా వదిలి, అనువాదకుడి పేరును ట్రాన్స్‌లేటర్ అని మార్చి రాయాలి. సూరా, ఆయతు నంబర్లను వాక్యంలో సైటేషన్ పెట్టేటప్పుడు ఇవ్వొచ్చు. హదీసుకు సంకలనం పేరు, హదీసు నంబరుతో పాటు ఏ ముద్రణ అనేది కూడా ఉండాలి. ముద్రణ మారితే నంబర్లు మారుతుంటాయి.

వర్డ్‌లోకి వచ్చేసరికి

జొటెరో వేసుకోగానే ఎంఎస్ వర్డ్‌లో జొటెరో అనే ట్యాబ్ వస్తుంది. రాకపోతే సెట్టింగ్స్‌లో సైట్ అనే భాగంలోకి వెళ్లి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. లిబర్ ఆఫీస్, గూగుల్ డాక్స్‌లోనూ నడుస్తుంది. ఇన్‌పేజ్‌లో మాత్రం నడవదు. ఉర్దూలో థీసిస్ రాసేవాళ్లు మొదటి రోజు నుంచే వర్డ్‌లో యూనికోడ్ నస్తాలీక్ ఫాంటుతో రాసుకోవాలి. పాత ఇన్‌పేజ్ నుంచి కాపీ చేసి జొటెరోలో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. తెలుగులో అను ఫాంట్లతో టైపు చేసినదానిదీ అదే గతి, ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మూడూ కలిసిన పట్టికలో ఒక్కో లిపి ఒక్కో చోట గుంపుగా చేరుతుంది. అలాగే ఉంచాలా, అన్నిటినీ ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చాలా అనేది యూనివర్సిటీ నిబంధన చూసి మొదట్లోనే తేల్చుకోవాలి. రెండొందల పేర్లు చేరాక మార్చాలంటే ఏడుపొస్తుంది.

చివర్లో పట్టికలో తప్పు కనిపిస్తే వర్డ్‌లో దిద్దొద్దు. రిఫ్రెష్ కొట్టగానే అది పోతుంది. జొటెరోలో దిద్దితే అన్నిచోట్లా మారుతుంది. గైడ్‌కో ప్రింటింగ్ షాపుకో పంపేముందు ఫైలుకు ఒక కాపీ తీసి, ఆ కాపీలో మాత్రమే అన్‌లింక్ సైటేషన్స్ నొక్కాలి. అప్పుడది మామూలు అక్షరాలుగా మారుతుంది, మళ్లీ వెనక్కి రాదు. అసలు ఫైలును అలాగే ఉంచుకోవాలి, ఎందుకంటే వైవా తర్వాత పరీక్షకులు చెప్పే దిద్దుబాట్లు అందులోనే చేయాల్సి వస్తుంది.