ఆకాశనౌకలో ట్రిబుళ్ళు

గాదెలో ఎలుకలు చేరినచో గృహస్థుడు బోను పెట్టును. లేదా పిల్లిని పెంచును. నక్షత్రముల నడుమ పయనించు నౌకలోనికి, చూచినవారెల్ల ఒడిలో నుంచుకొనగోరు జంతువొకటి చేరి, పూటపూటకు సంతతిని పెంచుకొనుచున్నచో నావికులేమి చేయుదురు? అమెరికాలో 1966 నుండి 1969 వరకు టెలివిజనులో ప్రసారమైన ‘స్టార్ ట్రెక్’ అను ధారావాహికలో ఇట్టి చిక్కే కలిగెను. ఆ కల్పిత జంతువు పేరు ట్రిబుల్. డేవిడ్ జెరోల్డ్ రచించిన ఆ కథ 1967 డిసెంబరు 29వ తేదీన ప్రసారమయ్యెను.

ట్రిబుల్ ఒక బొచ్చుముద్ద. కన్నులు గాని కాళ్ళు గాని పైకి కానరావు. నిమిరినచో పిల్లివలె గురగురలాడును. ఊరూరు తిరుగు వర్తకుని వంటివాడొకడు దానిని ‘ఎంటర్‌ప్రైజ్’ అను నౌకలోని అధికారిణి యగు ఉహురాకు ఊరకయే యిచ్చెను. తినుట, పిల్లలను పెట్టుట తప్ప దానికి వేరు పని లేదు. కొలది దినములలోనే నౌకాధిపతి కూర్చుండు ఆసనముపై సైతము ట్రిబుళ్ళే!

ఇంతవరకు ఇది వినోదమే. కాని సమీపముననున్న అంతరిక్ష కేంద్రమున, ఒక క్రొత్త గ్రహమున కాపురముండబోవు జనులకై దాచిన విత్తన ధాన్యము కలదు. ట్రిబుళ్ళు దానిలో పడెను. కొట్టు తలుపు తెరువగా నౌకాధిపతి కిర్క్ మీద అవి జలజల రాలి, ఆతడు మెడవరకు మునిగిపోయెను. అవి ఎన్ని యుండునో స్పాక్ అను అధికారి చెప్పెను: 17,71,561. ఈ సంఖ్య ఊహించి చెప్పినది కాదు. ఒక్క ట్రిబుల్ పండ్రెండు గంటలలో పది పిల్లలను పెట్టినచో మొత్తము పదునొకండు; మరి పండ్రెండు గంటలకు అవి 121; పిదప 1,331. ఇట్లు పదునొకటిని ఆరుమారులు హెచ్చించినచో మూడు దినములకు సరిగా ఆ సంఖ్యయే వచ్చును. విద్యార్థులు పలకమీద వేసి చూచుకొనవచ్చును.

అయితే వానిలో పెక్కు చచ్చిపడియుండెను. పరీక్షింపగా ధాన్యమున శత్రువులు విషము కలిపిరని తేలెను. ఆ విషము ఆహారము ఒంటబట్టకుండ జేయును. కనుక నిండు గాదెలో ఆ జీవములు ఆకలిచే చచ్చినవి. ఆ ధాన్యమును జనులే తినియుండినచో ఏమయ్యెడిదో చెప్పనక్కరలేదు. శత్రుజాతివారిని చూచినంతనే ట్రిబుళ్ళు కీచుమని అరచును గనుక, మారువేషములో నున్న గూఢచారియు పట్టుబడెను.

ట్రిబుల్ తన స్వస్థలమున ఇంత బెడద కాదు. అచ్చట దానిని తిను జంతువులు మెండు. అవి లేని చోటికి తెచ్చుటయే ముప్పు. రచయిత ఈ భావమును ఆస్ట్రేలియా కుందేళ్ళనుండి గ్రహించెను. 1859లో విక్టోరియా ప్రాంతమున థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేటకొరకు ఇంగ్లండునుండి రెండు డజన్ల కుందేళ్ళను తెప్పించి విడిచెను. అవి ఖండమున కార్చిచ్చువలె వ్యాపించి, గొఱ్ఱెలకు గడ్డి మిగులనీయలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1901 మొదలు 1907 వరకు వందల మైళ్ళ పొడవున కంచె కట్టిరి. కుందేళ్ళు దానిని దాటెను. 1950లో వానికి సోకు వ్యాధియొకటి వదలిరి. మొదట కుందేళ్ళు గుంపులుగా చచ్చినవి. మిగిలినవి క్రమముగా ఆ వ్యాధికి తట్టుకొన నేర్చి, నేటికిని అచ్చటి పొలములలో తిరుగుచున్నవి.