ఒకే కొండ బిడ్డలు, రెండు దారులు
బారువ ఇసుకలో మన నదుల పాత చరిత్ర

పలాస: మహేంద్రగిరి కొండల మీద కురిసిన వాన రెండు దారులు పడుతుంది. ఒకవైపు దిగిన నీరు మహేంద్రతనయ పేరుతో సోంపేట పొలాల మీదుగా వచ్చి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. మరోవైపు దిగిన నీటికీ మహేంద్రతనయ అనే పేరు. అది మెళియాపుట్టి, పర్లాకిమిడి ప్రాంతాలను తడిపి వంశధారలో కలుస్తుంది. ఆ నీరు కళింగపట్నం దాకా పోతే గాని సముద్రాన్ని చేరదు. ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే, ఇద్దరిదీ ఒకే పేరు. మెట్టినిళ్ళు మాత్రం వేరు.

పెంకుటింటి కొప్పు మీద పడిన చినుకు ఏ చూరు నుంచి కారాలో ఆ కొప్పే నిర్ణయిస్తుంది. నదుల విషయంలో ఆ కొప్పు కొండ. అయితే ఇల్లు కట్టాక కొప్పు కదలదు. కొండలు అలా కాదు. కోట్ల సంవత్సరాల్లో అవి లేస్తాయి, అరుగుతాయి, వాటితోపాటు నదుల దారులూ మారతాయి. ఉద్దానానికి పెద్ద నది ఎందుకు లేదు, వంశధార పక్కనే ఉండి కూడా ఇటు ఎందుకు రాలేదు అన్న ప్రశ్నలకు జవాబు అక్కడ ఉంది.

లోపలికి పారిన నదులు

ఇవాళ గోదావరి, మహానది, వంశధార, నాగావళి అన్నీ బంగాళాఖాతంలోకే పోతున్నాయి. సింగరేణి బొగ్గు ఏర్పడిన కాలంలో, అంటే 25 కోట్ల సంవత్సరాలకు పూర్వం, సంగతి వేరుగా ఉండేది. అప్పటికి బంగాళాఖాతమే లేదు. మన తీరానికి అంటార్కిటికా ఖండం అతుక్కుని ఉండేది. ఇప్పుడు సముద్రం ఉన్న వైపు ఎత్తయిన నేల ఉండేది. ఆ ఎత్తు నుంచి నదులు వాయవ్య దిశగా, ఇప్పటి దేశం నడిబొడ్డు వైపు పారేవి.

ఇది ఊహ కాదు. గోదావరి, మహానది లోయల్లో ఆనాటి నదులు పరిచిన ఇసుక గట్టిపడి రాయిగా మిగిలింది. ఆ రాతి పొరలు వాలిన తీరును బట్టి నీరు ఎటు పారిందో భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పగలుగుతున్నారు. ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడానికి మరో సాక్ష్యం కావలసివచ్చింది. ఆ సాక్ష్యమే జిర్కాన్.

గడియారం లాంటి రేణువు

బారువ, భావనపాడు తీరాల్లో అలలు వెనక్కి తీసినప్పుడు ఇసుక మీద నల్లని, ఎర్రని చారలు కనిపిస్తాయి. చేటలో చెరిగినప్పుడు పొట్టు ఎగిరి గింజ మిగిలినట్టు, అలలు తేలిక ఇసుకను ఈడ్చుకుపోయి బరువైన ఖనిజాలను వదిలిపోతాయి. నల్లనిది ఇల్మనైట్, ఎర్రనిది గార్నెట్. వాటితో పాటు సిల్లిమనైట్, మోనజైట్, జిర్కాన్ రేణువులు కూడా ఉంటాయి.

జిర్కాన్ పుట్టినప్పుడు తనలోకి కాస్త యురేనియంను తీసుకుంటుంది. సీసాన్ని దాదాపు రానివ్వదు. ఆ యురేనియం కాలం గడిచేకొద్దీ సీసంగా మారుతుంది. యురేనియం 238 అనే రకం సగానికి తగ్గాలంటే సుమారు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. కాబట్టి రేణువులో యురేనియం ఎంత మిగిలింది, సీసం ఎంత చేరింది అని కొలిస్తే దాని వయసు తెలుస్తుంది. ఒకే మూలకంలో బరువు తేడాతో ఉండే ఇటువంటి రకాలనే ఐసోటోపులు అంటారు.

జిర్కాన్ గట్టి పదార్థం. కొండ అరిగినా, నది ఈడ్చినా, మళ్ళీ రాయిగా మారినా పుట్టిన వయసును పోగొట్టుకోదు. ఏ వయసు రేణువు ఏ కొండదో తెలిస్తే, నది ఎటు నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు వీవర్స్, సయీద్ మహానది, ప్రాణహిత - గోదావరి లోయల ఇసుకరాళ్ళలోని జిర్కాన్‌లను యురేనియం - సీసం, హాఫ్నియం ఐసోటోపులతో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. తూర్పు కనుమల శిలలతోను, వాటికి అతుక్కుని ఉండిన అంటార్కిటికా శిలలతోను వయసు కలిసే రేణువులు అందులో బయటపడ్డాయి. నీరు ఆగ్నేయం నుంచి లోపలికి పారిందన్న మాటకు అది బలం చేకూర్చింది. ఆ రెండు లోయల నడుమ ఉన్నదే మన జిల్లా.

ఖండం చీలింది, వాలు తిరగబడింది

సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం అంటార్కిటికా మన తీరం నుంచి విడిపోయింది. చీలిన చోట కొత్త సముద్రం ఏర్పడింది. ఒకప్పుడు ఎగువగా ఉన్న దిక్కు దిగువ అయింది. అంచున నిలిచిన కొండల మీది వాన కొత్త సముద్రం వైపు దుమికింది. దగ్గరి దారి పట్టిన పొట్టి గెడ్డలు, కొండల సందుల్లో పల్లం వెతుక్కున్న పొడుగు నదులు అప్పటి నుంచి తమ దారులు కోసుకుంటూ వచ్చాయి.

మన కొండల రాళ్ళు చాలా పాతవి. వాటిలో ముఖ్యమైన ఖోండలైట్ రాయికి 1902లో వాకర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ కొండల్లో నివసించే ఖోండుల పేరు పెట్టాడు. కోణార్క ఆలయం కట్టింది ఈ రాతితోనే. సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం ఇది భూమిలో ఇరవై కిలోమీటర్లకు పైబడిన లోతున, విపరీతమైన వేడిలో తయారైంది. నేడు అది పైన కనిపిస్తున్నదంటే దాని మీద ఉన్న రాయంతా అరిగి నదుల పాలైందన్నమాట.

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. సముద్రానికి ఇంత దగ్గరలో ఇంత ఎత్తు నిలబడడం వల్ల ఉద్దానం వైపు దిగే నీటికి దూరం తక్కువ, వాలు ఎక్కువ. వానలో ఉరకడం, ఎండలో ఇంకిపోవడం ఇక్కడి గెడ్డల గుణం. ఒరిస్సా కొండల్లో పుట్టిన వంశధార మాత్రం ఈ కొండల వరసకు అవతలే ఉండిపోయింది. గుణుపురం మీదుగా దక్షిణానికి దిగి, హిరమండలం దాటాక గాని సముద్రం వైపు తిరగలేదు. దాని పొడవు సుమారు 254 కిలోమీటర్లు.

నీరు రాలేదు, ఇసుక వచ్చింది

వంశధార నీరు ఉద్దానానికి రాకపోయినా దాని ఇసుక వస్తూనే ఉంది. నైరుతి గాలుల కాలంలో అలలు తీరానికి ఏటవాలుగా తగిలి ఇసుకను ఈశాన్యంగా తోస్తాయి. ఏడాది మొత్తం మీద చూసినా మన తీరాన ఇసుక నడక ఉత్తరం వైపే ఎక్కువ. కళింగపట్నం దగ్గర నది వదిలినది ఆ విధంగా భావనపాడు వైపు సాగుతుంది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ఆధారమైన తీరపు ఇసుక నేలలు ఇలా కొండల అరుగుదలతో, సముద్రం మోతతో ఏర్పడినవే.

ఆ ఇసుక దిబ్బల వెనుక కొండ నీరు సముద్రానికి పోలేక నిలిచిన చోట్లే బీలలు, తంపరలు. సోంపేట బీలకు విలువ వచ్చింది అందుకే. అక్కడ విద్యుత్ కేంద్రం పెట్టవద్దంటూ సాగిన ఆందోళనలో 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కొండకు, సముద్రానికి మధ్య నీరు ఆగే చోటు పోతే చుట్టుపక్కల పంటకు ఏమవుతుందో ఆ రైతులకు ఐసోటోపులు చెప్పనక్కరలేకపోయింది.

గొట్టం దాటిన కొప్పు

మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్న ఉద్దానానికి హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా తెచ్చే తాగునీటి పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. కోట్ల ఏళ్ళుగా కొండలు రానివ్వని నీరు ఆ విధంగా ఇటు వచ్చింది. అయితే ఆ నీరు కూడా ఎగువన ఒరిస్సాలో కురిసిన వానే. వంశధార ట్రిబ్యునల్ 2017 సెప్టెంబరులో ఇచ్చిన తుది తీర్పు ప్రకారం 115 టి.ఎం.సి.లలో రెండు రాష్ట్రాలకు చెరిసగం.

తెచ్చుకున్న నీరు తాగడానికి. మెట్ట పంటకు, బావి ఊటకు మాత్రం ఇప్పటికీ మన వాలున పడిన వానే దిక్కు. ఆ వాన కొండ దిగి సముద్రంలో పడడానికి ఎంతో సేపు పట్టదు. ఆ కాస్త దూరంలో గెడ్డలు పూడకుండా, చెరువు గట్లు తెగకుండా, బీలలు కప్పెట్టకుండా చూసుకున్నంత వరకే అది మన నీరు.