పండు వయసులో పళ్ల సంరక్షణ - ఆయురారోగ్యాలకు రక్షణ

నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత మాట తీరును గురించి చెప్పినదే అయినా, వృద్ధుల ఆరోగ్యానికి కూడా చక్కగా వర్తిస్తుంది. పత్తి, మిరప పొలాలతో కళకళలాడే చందర్లపాడు మండలంలోని గుడిమెట్ల, కాసరబాద వంటి గ్రామాలలోనే కాక, రాష్ట్రమంతటా పళ్లు ఊడటం వయసుతో సహజమేనన్న భావన బలంగా నాటుకుని ఉంది. ఇది అపోహ మాత్రమే. పళ్లు ఊడటానికి ప్రధాన కారణాలు పిప్పిపళ్లు, చిగుళ్ల వ్యాధి. ఈ రెండూ చాలావరకు నివారించదగినవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 60 ఏళ్లు, ఆపై వయసు వారిలో 23 శాతం మందికి ఒక్క పన్ను కూడా లేదు.

నమలలేని వృద్ధులు క్రమంగా జొన్నరొట్టె, పప్పుదినుసులు, ఆకుకూరలు, మాంసం మానివేసి జావకు, మజ్జిగ అన్నానికి పరిమితమవుతారు. మాంసకృత్తులు తగ్గడంతో కండ కరిగి, నడకలో పట్టు తప్పి, పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. మధుమేహం ఉన్నవారిలో చిగుళ్ల వ్యాధి ముదురుతుంది. చిగుళ్ల వాపు తిరిగి చక్కెర అదుపును దెబ్బతీస్తుంది.

నోటిలోని పాచి వల్ల మరొక ముప్పు ఉంది. మింగే శక్తి తగ్గిన వృద్ధులు నిద్రలో ఉండగా, సూక్ష్మజీవులతో కూడిన లాలాజలం ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియాకు దారి తీయవచ్చు. జపాన్‌లోని 11 వృద్ధాశ్రమాలలో రెండేళ్లపాటు జరిపిన అధ్యయనం 1999లో వెలువడింది. నోటి శుభ్రతపై శ్రద్ధ వహించిన వారిలో 11 శాతం మందికి, ఆ శ్రద్ధ లేనివారిలో 19 శాతం మందికి న్యుమోనియా సోకినట్లు అందులో తేలింది. సగటున 88 ఏళ్లకు చేరువైన 524 మందిపై ఆ దేశంలోనే జరిపిన మరొక అధ్యయనం 2015లో వెలువడింది. కట్టుడు పళ్లతోనే నిద్రించే వారికి న్యుమోనియా ముప్పు రెట్టింపునకు పైగా ఉన్నట్లు అది వెల్లడించింది.

ఎక్కువ పళ్లు మిగిలినవారు ఎక్కువ కాలం జీవిస్తున్నట్లు అనేక దేశాల పరిశీలనలలో కనిపించింది. అయితే ఆదాయం, చదువు, పొగాకు అలవాటు వంటివి పళ్లనూ ఆయుష్షునూ కూడా ప్రభావితం చేస్తాయి గనుక, పళ్లే ఆయుష్షును పెంచుతాయని నిర్ధారించలేము. బాధ లేకుండా తినడం, మాట్లాడటం మాత్రం మిగిలిన జీవితానికి నిస్సందేహంగా మేలు చేస్తాయి.

80 ఏళ్ల వయసులో 20 పళ్లు నిలుపుకోవాలన్న నినాదంతో జపాన్ 1989లో ఉద్యమం చేపట్టింది. అప్పట్లో ఆ లక్ష్యాన్ని అందుకున్నవారు 10 శాతం లోపే కాగా, 2016 నాటికి 51.2 శాతానికి చేరారు. మన దేశంలో వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం 2010-11లో, జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014-15లో ప్రారంభమయ్యాయి.

పాటించవలసిన జాగ్రత్తలు:

- ఇటుకపొడి, బొగ్గుపొడి, కచ్చిక పంటిపై పింగాణీ పొరను అరగదీస్తాయి. మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండు పూటలా పళ్లు తోముకోవాలి.
- కట్టుడు పళ్లను రాత్రి తీసి, శుభ్రపరచి, మంచినీటిలో ఉంచాలి.
- పళ్లు లేనివారు కూడా చిగుళ్లను, నాలుకను తడి గుడ్డతో శుభ్రం చేసుకోవాలి. మంచం పట్టిన వారికి కుటుంబ సభ్యులు, వారిని ఆనించి కూర్చోబెట్టి, ఈ పని చేయాలి.
- కొన్ని మందుల వల్ల నోరు ఎండిపోతుంది. మాత్రలు సొంతంగా మానకుండా వైద్యునికి తెలపాలి.
- చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా పూర్తిగా మానాలి. రెండు వారాలకు మించి మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ కనిపిస్తే వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

తొలుత సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుని సంప్రదించవచ్చు. నిపుణుల చికిత్స అవసరమైన వారికి విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, ఆసుపత్రి ఉన్నది. ఇంట్లో పెద్దలు అన్నం తగ్గించినా, ఒక పక్కనే నములుతున్నా వయసు మీద పడిందని సరిపెట్టుకోక, నోరు తెరిపించి చూడటం కుటుంబ సభ్యుల బాధ్యత.